ఎడంచేతి బాక్సరూ, ఖోకాదా తెలుగూ

ఆ రోజుల్లో మనిషికి ఒక్క విద్య వస్తే చాలు, దాన్ని పట్టుకుని గట్టెక్కేయొచ్చని నమ్మేవాణ్ణి. నాకు వచ్చిన ఒక్క విద్య ఎడం చేత్తో గుద్దడం. కుడిచెయ్యి ఉండేది గాని, అన్నం తినడానికీ బస్సులో కమ్మీ పట్టుకోడానికీ తప్ప పనికొచ్చేది కాదు. (మా అమ్మ బాధ వేరు. "ఎవులికైనా ఎడం సేత్తో ఇత్తేనే తప్పు గదరా, ఎడం సేత్తో కొడతావేటి?" అనేది. కుడిచేత్తో కొడితే మర్యాదగా ఉంటుందని ఆవిడ ఉద్దేశం.) మాది బెంగాల్లో, ఓడరేవు పక్కనున్న గార్డెన్ రీచ్. నాన్న శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఓడలాగే డాకులో మూటలు మోసేవాడు. నాకు పంతొమ్మిది వచ్చేసరికి ఆయన నడుం పోయింది. పొద్దున్నే గోడ పట్టుకుని గాని మంచం దిగలేకపోయేవాడు. సరిగ్గా అప్పుడే తెలిసింది, ఆ ఏడు బాక్సింగ్ పోటీలో మా బరువులో గెలిచినవాడికి ఓ ఆఫీసులో ఆటగాళ్ళ కోటా కింద ప్యూను ఉద్యోగం ఇస్తారని. నేను గెలిస్తే నాన్న మూట దించెయ్యొచ్చు, ఓడితే మొయ్యాలి. ఇంట్లో ఎవరూ ఆ మాట పైకి అనలేదు గాని, అమ్మ నా కంచంలో రోజూ ఒక గుడ్డు ఎక్కువ వెయ్యడం మొదలెట్టింది. ఆ గుడ్డుని నేను నమలకుండా మింగేసేవాణ్ణి.

నా గురువు ఖోకాదా. (ఖోకా అంటే బెంగాలీలో చంటిపిల్లాడు, దా అంటే అన్న. ఈ చంటిపిల్లాడికి అప్పటికే అరవై దాటాయి, ముందు పళ్ళు రెండు లేవు.) ఆయన క్లబ్బంటే రేకుల షెడ్డూ, అందులో వేలాడే ఒక ఇసక సంచీ. కరెంటు పోయినప్పుడు సంచీ ఎక్కడుందో తడుముకుని మరీ కొట్టేవాళ్ళం. కుడిచెయ్యి కూడా నేర్పమని నేను అడిగినప్పుడల్లా ఆయన బీడీ ఆర్పి ఒకటే పాఠం చెప్పేవాడు. "ప్రపంచంలో గొప్ప బాక్సర్లలో చాలామందికి ఒక్కటే వచ్చురా. ఒకడు పొట్టివాడు, చేతులు కురచ, వెనక్కి అడుగెయ్యడం చేతకాదు. అందుకని ముందుకే నడిచాడు, ఎదుటివాళ్ళే వెనక్కి నడిచారు. ఇంకొకడికి కుడి దెబ్బ ఒక్కటే. అది వస్తుందని అందరికీ తెలుసు. వచ్చేది, పడిపోయేవారు. తెలిసినా ఆపలేకపోవాలి, అదీ గొప్పతనం." ఆయనకి నేర్పే ఓపిక లేక అలా అనేవాడేమో అని ఇప్పుడనిపిస్తుంది. అప్పుడు మాత్రం ఆ గొప్పవాళ్ళ వరసలో చివర్న నన్ను కూడా నిలబెట్టుకుని ఇంటికెళ్ళేవాణ్ణి.

అయితే నా దెబ్బ తెలిస్తే అందరూ ఆపేస్తున్నారు. రింగు పక్కనుంచి ఖోకాదా బెంగాలీలో అరిచినా హిందీలో అరిచినా ఎదుటివాడికి అర్థమైపోతోంది. అప్పుడు నా బుర్రలో ఒక మెరుపు మెరిసింది (నా బుర్రలో మెరుపు మెరిసిందంటే ఎవరికో మూడిందన్నమాటే). ఆయనకి తెలుగు నేర్పాను. నాలుగు మాటలు: ఎడమ, కింద, వెనక్కి, ఆగు. ఆయన నోట్లో అవి "ఎడొమొ, కిందొ, బెనొక్కి, ఆగొ" అయ్యాయి, అయినా నాకు తెలిసేవి. పోటీలో మొదటి మూడు ఆటలూ ఈ తెలుగుతోనే గెలిచాను. ఖిదిర్‌పూర్ కుర్రాడొకడు ఆ మాటలు మంత్రాలనుకుని మెళ్ళో తాయెత్తు ముట్టుకోవడం నా కళ్ళతో చూశాను.

ఫైనల్లో నా ఎదుటివాడు ఖరగ్‌పూర్ కుర్రాడు. ఖరగ్‌పూర్ రైల్వే కాలనీల నిండా తెలుగువాళ్ళేనని మా వీధిలో కుక్కకి కూడా తెలుసు. మా గురుశిష్యులిద్దరికీ తట్టలేదు. ఖోకాదా "ఎడొమొ" అని అరిచాడు, అతను తల పక్కకి తప్పించాడు. "కిందొ" అన్నాడు, అతని మోచెయ్యి అప్పటికే అక్కడుంది. మొదటి రౌండు అయ్యాక, వాడికి ముందే తెలిసిపోతోంది దాదా అని మొత్తుకున్నాను. "తెలియనీ. గొప్పవాళ్ళకి తెలిసినా ఫరవాలేదు" అన్నాడాయన, నా మొహం మీద నీళ్ళు కొడుతూ. రెండో రౌండులో ఒకళ్ళనొకళ్ళం వాటేసుకుని ఊగుతున్నాం. రిఫరీ విడదీసేలోపు అతను నా చెవిలో, చాలా ఆప్యాయంగా అడిగాడు.

"అన్నా, ఏవూరు మీది?"

నోట్లోని రబ్బరు ముక్కని నాలికతో పక్కకి తోసి, "పలాస దగ్గిర" అన్నాను. (రాష్ట్రంకాని రాష్ట్రంలో తెలుగు మాట చెవిన పడితే ఊరు చెప్పకుండా ఉండడం మావాళ్ళ తరం కాదు. నిద్దట్లో అడిగినా చెప్తాం.) అప్పుడే రిఫరీ మమ్మల్ని విడదీశాడు. నేనింకా మా ఊరి పేరు చెప్పబోతూ నోరు తెరుచుకునే ఉన్నాను. దెబ్బ దవడకి తగిలింది. లేచి నిలబడ్డాను గాని రిఫరీ నా కళ్ళలోకి చూసి, చాల్లే అన్నట్టు చేతులూపేశాడు. అతను కావాలనే అడిగాడో, నిజంగానే ఆశపడి అడిగాడో ఇప్పటికీ తేల్చుకోలేను. తర్వాత నన్ను వెతుక్కుంటూ వచ్చి, "పలాస అంటే ఏపక్కన్నా?" అన్నాడు. చెప్పాను. ఏడుస్తూనే చెప్పాను.

నాన్న లోపలికి రాలేదు. తను చూస్తే నేను ఓడిపోతానని ఆయన భయం. బయట టీ కొట్టు బల్ల మీద, మట్టి భాండంలో చల్లారిపోయిన టీ పట్టుకుని కూర్చున్నాడు.

"ఏటయినాది?"

"ఓడిపోనాను నానా."

"ఎలగ?"

"తెలుగులో."

జరిగినదంతా చెప్పాను. ఆయన నడుం పట్టుకుని నవ్వాడు, నొప్పికి మొహం ముడుచుకుంటూ నవ్వాడు.  భాండం కింద పడేసి, "అయితే ఆ గుంటడు మనోడేనన్నమాట. పోనీలే, ఉజ్జోగం బయటోల్లకి పోనేదు" అన్నాడు. తిట్టినా బాగుండేది. ఆ క్షణంలో నేను పుట్టకపోయినా బాగుండేదనిపించింది. మర్నాడు పొద్దున్న ఆయన ఎప్పట్లాగే గోడ పట్టుకుని లేచి, నడుముకి తువ్వాలు బిగించి కట్టుకుని డాకుకి వెళ్ళాడు.

ఇంకో నాలుగేళ్ళు మోశాడు. పక్కనే నేనూ మోశాను. కొత్తవాళ్ళెవరైనా పనిలో చేరితే నన్ను చూపించి, "మా గుంటడు ఫైనలు దాకా ఎల్లినాడు" అనేవాడు. ఎవడి చేతిలో ఓడిపోయాడని అడిగితే, "మనోడి సేతిలోనే" అనేవాడు గర్వంగా. మూట కింద నేను తల దించుకునేవాణ్ణి. ఇప్పుడాయన లేడు. నా నడుమూ ఆయన నడుంలాగే అయింది. మనవలు అడిగితే ఆ కథ నేనే నవ్వుతూ చెప్తుంటాను. ఎవడి చేతిలో ఓడిపోయావు తాతా అంటే, మనోడి చేతిలోనే అంటాను. గర్వంగా అనాలనే చూస్తాను గాని, మా నాన్న అన్నట్టు రాదు.