‘ముట్టుకోకు’ అనే ఫోల్డర్

మాస్టారు గత మంగళవారం ఉదయం ఆరు గంటల పది నిమిషాలకు మలేసియాలో బాగన్ దాతుక్‌లోని తన ఇంట్లో చనిపోయారు. ఆయన పాత కంప్యూటర్ డిస్కు ఇప్పుడు దగ్గరి పట్నం తెలుక్ ఇంతాన్‌లో ఒక మరమ్మతు దుకాణంలో ఉంది. అది తెరుచుకోకపోతే ఆయన తల్లి గొంతు ఉన్నదున్నట్టుగా ఇంకెక్కడా లేదు. అందుకు కారణం నేను.

కొబ్బరి ఎస్టేటు బడిలో నాకు తెలుగు అక్షరాలు నేర్పింది ఆయనే. రిటైరయ్యాక, కొబ్బరికాయలు ఒలుస్తూ తన తల్లి పాడిన పాటల క్యాసెట్లను కంప్యూటర్‌లోకి ఎక్కించారు. తర్వాత ఆ క్యాసెట్లు బూజు పట్టి పోయాయి. ప్రతి ఫైలునూ హెడ్‌ఫోన్‌లో చివరిదాకా విన్నాకే దానికి పేరు పెట్టేవారు. పక్కన చక్కెర లేని కాఫీ చల్లారిపోయేది. కుదించని ఫైళ్లన్నీ ఒకే ఫోల్డర్‌లో ఉంచి, దానికి ‘ముట్టుకోకు’ అని పేరు పెట్టారు. పాటల వెనక వినిపించే గరగరను తీసేద్దామని ఒకసారి అన్నాను.

“దాంతో మా అమ్మ దగ్గు కూడా పోద్ది. ఆ దగ్గు నాకు కావాల” అన్నారు.

మూడేళ్ల క్రితం కంప్యూటర్ మార్చేటప్పుడు ఆ ఫోల్డర్‌ను దాచమని పెన్‌డ్రైవ్‌లో వేసి నాకిచ్చారు. బంధువుల వాట్సాప్ గ్రూపుకు పాటలు పంపుదామని నేను కన్వర్టర్ తెరిచాను. ఎంపీ3, మోనో, 32 కేబీపీఎస్ ఎంచుకున్నాను. ఫైలు బాగా చిన్నదవుతుంది. కింద ‘మార్చిన తర్వాత అసలు ఫైళ్లు తొలగించు’ అన్న గడిలో టిక్కు ఉంది. నేను చూడలేదు. నా దగ్గరున్న అసలువన్నీ పోయాయి. విలేకరిని, అసలు కాగితం చూడకుండా వార్త రాయని మనిషిని.

భయపడి ఇంకో తప్పు చేశాను. ఆ ఎంపీ3లనే తిరిగి కుదించని వేవ్ ఫైళ్లుగా మార్చాను. సైజు పెరిగింది. పోయిన శబ్దం తిరిగి రాదని తెలిసీ, అవే అసలువని పెన్‌డ్రైవ్‌లో వేసి ఇచ్చాను.

మాస్టారు మొదటి పాట మొత్తం విని హెడ్‌ఫోన్ తీశారు.

“సైజు పెద్దదేరా. మా అమ్మ ఊపిరి ఏది?”

క్యాసెట్ పాతది కదా అన్నాను. ఆయన నా ముఖం వైపు చూడలేదు. “సిన్నది సేసినాక మళ్లీ పెద్దది అవదు లా” అన్నారు. పాత డిస్కు ఇంట్లోనే ఎక్కడో ఉందని, వెతుకుతానని చెప్పారు. తర్వాత నెలనెలా వెళ్లి కలిశాను. ఈసారి అడుగుతారేమోనని ప్రతిసారీ భయపడ్డాను. ఆయన అడగలేదు. ఒక్కో పాటకు ఏ ఊళ్లో ఏమని పేరో, ఎవరు ఎప్పుడు పాడేవారో చెప్పి, నన్ను రాసుకోమనేవారు.

అంత్యక్రియలైన మర్నాడు ఆయన కూతురు ఫోన్ చేసింది. నాన్న చొక్కాల అరలో, చేతిరుమాలులో చుట్టి ఒక డిస్కు దొరికిందట. మీద పెన్సిల్‌తో ‘ముట్టుకోకు’ అని రాసుందట.

“పెడితే టక్కు టక్కుమంటంది అన్నా. పెన్‌డ్రైవ్ ఉంది కదా, ఇదెందుకు దాసినాడు?”

పెన్‌డ్రైవ్‌లో ఉన్నవి అసలువి కావని చెప్పాను. జరిగిందంతా చెప్పాను.

“నానకి తెలుసా?”

తెలుసన్నాను.

“అయితే తెరిసినప్పుడు నువ్వే ఉండాల.”

డిస్కు బాగా దెబ్బతిందని, ఒక్కసారే తిప్పి చూస్తామని, రెండోసారికి హామీ ఇవ్వలేమని దుకాణంవాళ్లు చెప్పారు. శనివారం ఉదయం పది గంటలకు దాన్ని తెరుస్తారు. ఆదివారం ఆయన పోయిన పదమూడో రోజు. ఆ పూట తన నాయనమ్మ పాట అందరికీ వినిపించాలని కూతురు ఇప్పటికే స్పీకర్ తెచ్చింది. అది మాస్టారి కుర్చీలో, ఆయన హెడ్‌ఫోన్ పక్కన ఉంది.