మెత్తబడిన బ్రేకు

ఆ ఉదయం మా పికప్ బండి నేను నడపాల్సి వచ్చింది. మా ఆయనకి కుడి అరచేతిలో సెగ్గడ్డ లేచి స్టీరింగు పట్టుకోలేకపోయేడు. మాడుగుల నుంచి చోడవరం మార్కెట్టుకి వంకాయ బస్తాలు దించాలి. లైసెన్సు నాకూ ఉంది గానీ ఆ బండి ముట్టుకుని చాన్నాళ్లయింది. వానలకి ముందెప్పుడో నడిపేను. అప్పుడు బ్రేకు మీద కాలు పెడితే పైపైనే గట్టిగా తగిలేది.

వడ్డాది దాటేక ముందు చెరుకు ట్రాక్టరు ఒకటి పోతోంది. గోతి దగ్గర అది ఉన్నట్టుండి ఆగిపోయింది. నేను బ్రేకు నొక్కేను. పెడలు కిందకి దిగిపోయింది. బురదలో కాలేసినట్టు మెత్తగా, అడుగుదాకా. బండి మాత్రం పోతానే ఉంది. భయంతో కాలు తీసి మళ్లీ తొక్కేను. అప్పుడు పట్టింది. చెరుకు గెడల కొసలు మా అద్దానికి ఆనుకునేలా ఆగేం.

పక్కన మా ఆయన మాత్రం కంగారు పడలేదు.

"రెండుసార్లు నొక్కాల దాన్ని," అన్నాడు, అదేదో అందరికీ తెలిసిన సంగతిలా.

"ఎప్పట్నుంచి?"

"ఏటి ఎప్పట్నుంచి? మన బండి అంతే కదా."

నేను అతని మొహంలోకి చూసేను. అబద్ధం ఆడటం లేదు, దాచటమూ లేదు. రోజుకి రవ్వంత చొప్పున పెడలు మెత్తబడుతుంటే అతని కాలు కూడా రవ్వంత చొప్పున అలవాటు పడిపోయింది. పోయిన ఆదివారం ఇదే బండిలో మా అమ్మనీ, మా సంఘం ఆడవాళ్లనీ వెనకాల ఎక్కించుకుని చీడికాడ అవతల ప్రార్థన కూడికకి తీసుకెళ్లేడు. వచ్చేటప్పుడు దారంతా దిగుడే. వాళ్లు పాటలు పాడుకుంటా వచ్చేరు.

అక్కణ్ణుంచి సైకిలంత నెమ్మదిగా నడిపి, చోడవరం ఊరి మొదట్లో ఉన్న షెడ్డులో పెట్టేను. మేస్త్రీ పెద్దాయన. ముందు బ్రేకు ఆయిలు డబ్బా చూసేడు. నిండుగానే ఉంది. చక్రాల లోపలి పక్క తడి ఉందేమోనని తడిమేడు. ఎక్కడా కారలేదు. గొట్టాల్లో గాలి చేరిందేమోనని గాలి తీసే నిప్పిలు మర విప్పి ఆయిలు వదిలి చూసేడు. ఒక్క బుడగా రాలేదు. మా ఆయన్ని పెడలు తొక్కి అలాగే పట్టుకోమన్నాడు. మెత్తగా ఉంది గానీ మెల్లగా జారిపోవటం లేదు.

"పైన పంపు బాగానే ఉంది బాబూ. మరి ఒత్తిడి ఎటు పోతన్నాదో!" అని వెనక చక్రాల దగ్గరకి వెళ్లేడు.

ఊరికే నిలబడలేక నేను ముందు చక్రం దగ్గర గొంతుక్కూర్చున్నాను. స్టీరింగు ఒక పక్కకి తిప్పి ఉండటంతో చక్రం వెనకాల వేలాడే రబ్బరు గొట్టం బాగా కనబడతోంది. మా ఆయన పెడలు తొక్కేడు. గొట్టం మధ్యలో కప్ప గొంతులా ఉబ్బింది. కాలు తీసేడు. అణిగిపోయింది. నా కళ్లని నేనే నమ్మలేదు.

"మళ్లీ నొక్కండీ!" అని అరిచేను.

మళ్లీ ఉబ్బింది.

నా అరుపుకి మేస్త్రీ పరిగెత్తుకొచ్చేడు. వంగి చూసి, లోపలికెళ్లి బిగించే పట్టకారు ఒకటి తెచ్చి, ఆయిలు పోకుండా ఆ గొట్టాన్ని నొక్కిపెట్టేడు. రెండో పక్క గొట్టానికీ ఇంకోటి పెట్టేడు.

"ఇప్పుడు తొక్కు బాబూ."

మా ఆయన తొక్కేడు. పెడలు దిగలేదు. రాయి మీద కాలేసినట్టు ఉలిక్కిపడి నావైపు చూసేడు.

"లోపలి పొర చిరిగిపోయిందమ్మా. పైతోలు ఒక్కటే ఆపుతన్నాది," అన్నాడు మేస్త్రీ. "గట్టిగా తొక్కాల్సొచ్చిన రోజున పేలిపోద్ది."

మా ఆయన బండి దిగేడు. "మొన్న ఆదివారం కొండ దిగినప్పుడు గట్టిగానే తొక్కేను," అన్నాడు. సెగ్గడ్డ చేతిని రెండో చేత్తో పట్టుకుని, గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

రెండు గొట్టాలూ కొత్తవి వేసి, ఆయిలు మార్చి, షెడ్డు ముందు రోడ్డు మీద మేస్త్రీయే నడిపి చూసేడు. మేము మార్కెట్టుకి చేరేసరికి బేరాలు అయిపోయేయి. మిగిలిన ఒక వ్యాపారి వంకాయలు దించుకున్నాడు.

అంతా అయిపోయేక, ఎండలో, ఆగి ఉన్న బండిలో కూర్చున్నా నేను బ్రేకు మీంచి కాలు తీయలేదు. మా ఆయన టీ తెచ్చేడు. గ్లాసు అందుకోవటానికి నేను స్టీరింగు వదల్లేదు. అతనే ఎడంచేత్తో నా నోటి దగ్గర పెట్టేడు.

"మీ అమ్మకి సెప్పకే," అన్నాడు.

"సెప్తాను," అన్నాను.

నేను తాగేదాకా గ్లాసు అలాగే పట్టుకున్నాడు.