దివిసీమ దిబ్బల్లో ఎడారి ఎలుక

"మందు తెచ్చేశాను విమలా, రేపు సాయంత్రం బొరియల్లో వేసేస్తున్నాను" అని సుందర్రావు బావ ఫోన్ చేయకపోతే ఈ ప్రయాణం పెట్టుకునేదాన్నే కాదు. దివిసీమ చివర, సముద్రానికి దగ్గర్లో ఆయనకు సరుగుడు తోట ఉంది. కొత్తగా నాటిన మొక్కల్ని ఏదో కొరికేస్తోంది, పక్క దిబ్బ నిండా బొరియలు. "తోక చివర కుచ్చు ఉందా బావా?" అని అడిగాను. ఉందన్నారు. "అయితే నేనొచ్చేదాకా ఆగండి." నేను గుడివాడలో జువాలజీ చెబుతాను. థార్ ఎడారిలోనూ బతికే ఆ ఇసుక ఎలుక గురించి ఏటా పాఠం చెప్పడమే గాని, దాన్ని కళ్లారా చూడలేదు.

మర్నాడు ఉదయం బయలుదేరాను. పామర్రు, చల్లపల్లి మీదుగా అవనిగడ్డ, అక్కడి నుంచి కోడూరు. బస్సులకు నూటయాభై లోపే అయింది. కోడూరులో రానూపోనూ ఆటో ఆరువందలకు మాట్లాడుకున్నాను.

"బీచ్‌కాండీ?" అన్నాడు డ్రైవరు.

"ఎలుకల్ని చూడ్డానికి."

"ఎలుకల కోసం ఇంత దూరమెందుకండీ? మా ఇంటికి రండి, ఉత్తినే చూపిస్తాను!"

దిబ్బ దగ్గర బావ మందు ప్యాకెట్టుతో, బకెట్టు నీళ్లతో సిద్ధంగా ఉన్నారు. బొరియల నోళ్లన్నీ ఇసుకతో మూసి ఉన్నాయి. పగటి వేడి లోపలికి రాకుండా, లోపలి చెమ్మ బయటికి పోకుండా ఎలుకే అలా మూసుకుంటుంది. గింజల్లో, వేళ్లలో ఉండే తడితోనే బతికేస్తుంది, తాగడానికి నీళ్లు దొరకకపోయినా తట్టుకుంటుంది. పైగా పైన పల్చటి ఇసుక పొర మాత్రం మిగిల్చి, తప్పించుకోడానికి రహస్యంగా ఇంకో దారి తవ్వి ఉంచుకుంటుంది.

"నీళ్లు పోస్తే ఇక్కణ్ణుంచే వస్తుంది, చూడు" అన్నారు బావ.

"వాకిట్లో కాదు బావా, పెరట్లో చూడండి."

ఆయన నవ్వి బకెట్టు వంచారు. మా వెనక ఇసుక ఒక్కసారిగా ఎగసింది. గోధుమరంగు ఒళ్లు, పెద్ద కళ్లు, కుచ్చు తోక. ఒక్క గెంతు గెంతి గడ్డిలోకి మాయమైంది.

"ఓర్నీ! తలుపొకచోట, దారొకచోటానా!" అన్నారు బావ.

తర్వాత మొక్కలు చూశాను. కాడలు కత్తితో ఏటవాలుగా కోసినట్టున్నాయి. కింద బఠాణీల్లాంటి గుండ్రటి పెంటికలు.

"ఇది చెవులపిల్లి పని బావా."

"ఖాయమా?"

"ఖాయం. పొద్దుగూకేదాకా కూర్చుందాం."

వెలుగు తగ్గుతుండగా గడ్డిలోంచి రెండు చెవులపిల్లులు వచ్చి తీరిగ్గా మొక్కలు కొరకసాగాయి. బావ మందు ప్యాకెట్టు తీసుకెళ్లి బండి డిక్కీలో పడేశారు. వారం తిరక్కుండా జాలర్ల దగ్గర పాత వలలు కొని తోట చుట్టూ కట్టారు. ఇప్పటికీ ఒకటీ అరా మొక్క ఎలుకల పాలవుతూనే ఉందట. "పోనీలే, వాటి వాటా" అన్నారు ఫోన్లో.

ఎడారి అంటే ఎక్కడో రాజస్థాన్‌లో ఉందనుకుంటాం. కాలవలూ చేలూ నిండిన మన డెల్టా అంచునే, మధ్యాహ్నం అడుగు పెట్టలేని ఇసుక ఉంది. జానెడు లోతున మాత్రం చల్లగా ఉంటుంది. ఆ చల్లదనాన్ని నమ్ముకుని ఒక చిన్న ప్రాణి సంసారం చేస్తోంది. దాన్ని చూశాక నా పాఠానికి ఊరు దొరికింది.

మీరు వెళ్తే బొరియలో చెయ్యి మాత్రం పెట్టకండి. ఖాళీ బొరియల్లో పాములు చేరతాయి. నాలుగు బారల దూరంలో కదలకుండా కూర్చోండి, పొద్దుగూకితే అదే బయటికొస్తుంది.