వాలుగా అతికిన రేకు

మెట్టకూరులో తుపానుకు కొబ్బరిచెట్లు ఒరిగినా ఏ ఇంటి గేటైనా నిటారుగా నిలబడిందంటే, అది ఉమామహేశ్వరం వెల్డింగ్ షాపులో చేసిందే అయ్యుంటుంది. అరవై ఏళ్ళ మనిషి. కిటికీ గ్రిల్లులు, గేట్లు, రొయ్యల చెరువుల్లో నీళ్ళు చిలికే ఏరేటర్లకు ఫ్రేములు ఆయన పని. వంకర కనిపిస్తే చాలు, ఒళ్ళు మండిపోతుంది. పెళ్ళికెళ్తే పెళ్ళికొడుకును చూడడు, పందిరి రాట చూస్తాడు. అది కాస్త ఒరిగిందా, ఇక భోజనం సహించదు. మూలమట్టం పక్కలో పెట్టుకుని పడుకుంటాడని భార్య నాగలక్ష్మి ఊరంతా చెబుతుంది. అందులో అబద్ధం కొంచెమే.

అలాంటి మనిషికి కోడలు స్వాతి ఒక పని అప్పజెప్పింది. కాలేజీలో ఉన్నప్పుడు ఆ అమ్మాయి ఎయిర్ రైఫిల్‌తో పతకాలు కొట్టింది. పెళ్ళయ్యాక నాలుగేళ్ళుగా ఆ రైఫిల్ బీరువా మీద దుమ్ము కొట్టుకుపోతోంది. ఇప్పుడు పాండిచ్చేరిలో షూటింగ్ సెలక్షన్స్, ఇంకా మూడు వారాలే ఉంది.

"మావయ్యా, షాపు వెనక సందు సరిగ్గా పది మీటర్లుందండి. గురి చూసే కార్డు తగిలించుకోడానికి, పేల్చిన సీసపు పెల్లెట్లు ఆగడానికి ఒక ఇనప పెట్టె చేసి పెడతారా?"

నాలుగేళ్ళలో తనకోసం నోరు తెరిచి ఒక్కటీ అడగని పిల్ల. ఆయన అప్పుడే టేపు తీసుకుని లేచాడు.

రెండు రోజుల్లో పెట్టె తయారైంది. ముందు కార్డు పట్టుకునే క్లిప్పులు, వెనక దళసరి రేకు, నాలుగు మూలలూ గీత గీసినట్టు. రేకు గోడలాగా నిలువుగా నిలబడింది. ఆయన నల్లరంగు కూడా వేసి మురిసిపోయాడు.

స్వాతి కళ్ళద్దాలు పెట్టుకుని మొదటి దెబ్బ కొట్టింది. టంగుమంది. ఆ పెల్లెట్ రేకుకు తగిలి, వచ్చిన దారినే వెనక్కొచ్చి, సందు మొదట్లో నిలబడ్డ నాగలక్ష్మి చంకలోని బిందెకు ఠక్కున తగిలింది. బిందె కిందపడింది, నీళ్ళు ఆవిడ చీరంతా.

"మావా కోడళ్ళిద్దరూ కలిసి నన్ను చంపేద్దావనుకుంటన్నారా? ఇంకొక్కటి వెనక్కొచ్చిందంటే ఆ తుపాకీ తాళ్ళరేవు పోద్ది, మీ పుట్టింటికి!"

ఆవిడ మాటంటే మాటే. స్వాతి ముఖం పాలిపోయింది. రైఫిల్ మళ్ళీ బీరువా ఎక్కితే ఇక దిగదని ఆ పిల్లకు తెలుసు.

"మావయ్యా, రేకు పైభాగం ముందుకి వాలుగా ఉండాలండి. మా కాలేజీలో అలాగే ఉండేది," అంది మెల్లగా.

"వాలుగానా? నా చేత్తోనా?" అన్నాడాయన. తప్పు పెల్లెట్లదే అన్నాడు. తుపాకీదీ అన్నాడు. రేకుదని మాత్రం అనలేదు. ఆ రోజు అన్నం కూడా సరిగ్గా తినలేదు.

మర్నాడు పొద్దున్నే ఆ పెట్టె దగ్గర కూర్చుని మొహం కడుక్కుంటూ, ఉక్రోషం కొద్దీ చెంబుడు నీళ్ళు రేకు మీదికి విసిరాడు. నీళ్ళన్నీ తిరిగొచ్చి ఆయన చొక్కా మీదే పడ్డాయి. కాసేపు అలాగే చూశాడు. మూలనున్న ఇంకో రేకు ముక్క తెచ్చి, పైకొస తనవైపు వంచి పట్టుకుని ఇంకో చెంబు కొట్టాడు. నీళ్ళు జారి నేల మీద పడ్డాయి. ఒక్క చుక్క కూడా ఆయన మీదికి రాలేదు.

"ఓసినీ!" అన్నాడు.

గ్రైండర్ పెట్టి తన అతుకులు తానే కోసేశాడు. కోస్తుంటే ప్రాణం ఉసూరుమంది, నిజమే. కానీ అయ్యాక వదల్లేదు. వంకరైనా సరే, రెండు వైపులా ఒకే వంకర ఉండాలని నలభై అయిదు డిగ్రీలు మూడుసార్లు కొలిచి అతికాడు. కింద ఇసక ట్రే పెట్టాడు.

పరీక్షకు నాగలక్ష్మి తన కొడుకు బైకు హెల్మెట్ తలకి పెట్టుకుని, కుర్చీ వేసుకుని మరీ కూర్చుంది. "నలభై కొట్టు. నలభై పెట్టెలోనే దొరకాలి. ఒక్కటి తగ్గినా ఒప్పుకోను."

స్వాతి కొట్టింది. ఉమామహేశ్వరం ఒక్కో దెబ్బకూ ఊపిరి బిగబట్టాడు. నలభై అయ్యాక ట్రే తీసి, ఇసక జల్లెడ పట్టి లెక్కపెట్టారు. ముప్ఫై తొమ్మిది.

మళ్ళీ లెక్కపెట్టారు. ముప్ఫై తొమ్మిదే. స్వాతి రైఫిల్‌ని కవరులో పెట్టి జిప్ లాగడం మొదలుపెట్టింది. పెట్టె పోతే పోయింది, ఆ జిప్ శబ్దం ఉమామహేశ్వరం వినలేకపోయాడు.

"ఉండవే," అంది నాగలక్ష్మి. హెల్మెట్‌తోనే వంగి, పెట్టెలో చెయ్యి పెట్టి మూలమూలా తడిమింది. పక్కరేకు అతుకు సందులో బిళ్ళలా అణిగి అంటుకుపోయిన సీసపు ముక్క ఒకటి గోరుతో పీకింది. కావాలంటే చూడనట్టు ఊరుకోవచ్చు. ఊరుకోలేదు. అరచేతిలో పెట్టి ఎత్తి చూపించింది.

"నలభై!"

ఉమామహేశ్వరం ఎగిరి గంతేసినంత పని చేశాడు. స్వాతి అత్తగారిని వాటేసుకుంది.

"ఆయ్, ముందు వదులు," అని హెల్మెట్ తీసి కుర్చీలో పడేసింది నాగలక్ష్మి. "ఆ తుపాకీ ఇలా ఇయ్యి. నేనూ ఒకటి కొడతాను."