దొడ్డిదారి బాబాయి

సీటో కామ్ హోయ్ అనే పెద్దమనిషి, బుద్ధెరిగాక ఏ భవనంలోకీ ముందు తలుపులోంచి వెళ్ళి ఎరగడు. ముందు తలుపు పులి నోరని, అందులోంచి వెళ్ళినవాడి అదృష్టాన్ని అది నమిలి మింగేస్తుందని ఆయన నమ్మకం. జూదశాలల గురించి హాంకాంగ్‌లో ఈ మాట చాలామందే అంటారు. సీటో బాబాయి మాత్రం లోకంలో ఉన్న తలుపులన్నిటికీ దాన్ని అంటగట్టాడు. తన పెళ్ళి విందుకి హోటల్ వంటింట్లోంచి వచ్చాడు, కాల్చిన పందిని మోసుకొచ్చేవాళ్ళ వెనకాల. అత్తగారు వడ్డించేవాడనుకుని సాస్ తెమ్మంటే, మాట్లాడకుండా వెళ్ళి తెచ్చాడు. కడుపునొప్పితో మెలికలు తిరుగుతూ కూడా ఆస్పత్రి చుట్టూ నడిచి, మందుల లారీలు వచ్చే గేటు వెతుక్కున్నాడు. బ్యాంకుకి పక్క తలుపు లేదని ఆ పనులన్నీ భార్యకు వదిలేశాడు. ఆవిడకు ఈ నమ్మకం మీద ఏ ఫిర్యాదూ లేదు.

హోటల్ గదుల్లో మంచం పక్కన పెట్టే తెల్లచెప్పులు తయారుచేసే కంపెనీలో ఆయన సేల్స్‌మన్. లై పుయ్‌సాన్ ఆ కంపెనీలో కొత్తగా చేరిన పిల్ల, ఇంకా ఉద్యోగం ఖాయం కాలేదు. మకావ్‌లో పగడాల మేడ అనే పెద్ద రిసార్ట్ వాళ్ళు చెప్పులకు కొత్త ఆర్డర్ ఇవ్వబోతున్నారని తెలిసి, యజమాని వాళ్ళిద్దరినీ పంపాడు. ఆర్డర్ తెస్తే ఉద్యోగం ఖాయమని, తేకపోతే వేరే చోటు చూసుకోవచ్చని పుయ్‌సాన్‌తో నవ్వుతూనే చెప్పాడు. ఆ అమ్మాయికి ఇది మొదటి వ్యాపార ప్రయాణం. ఎత్తుమడమల బూట్లు కొనుక్కుంది, జుట్టు ఉంగరాలుగా చుట్టించుకుంది. పగడాల మేడ ముందు నిలబడి ఫొటో తీయించుకుని పంపమని వాళ్ళమ్మ మరీ మరీ చెప్పింది.

పడవ దిగాక రిసార్ట్ వాళ్ళ ఉచిత బస్సు ఎక్కారు. అది వాళ్ళను సరిగ్గా మేడ ముందు దింపింది. ఎర్ర తివాచీ, బంగారు స్తంభాలు, తల వంచి తలుపు తీసే టోపీవాళ్ళు. పుయ్‌సాన్ జుట్టు సర్దుకుని రెండడుగులు వేసిందో లేదో, బాబాయి చెప్పుల సంచి భుజానికెత్తుకుని పక్కసందులోకి మళ్ళాడు.

“బాబాయ్, దారి ఇటు.”

“అది దారి కాదమ్మాయ్, గొంతుక. పైన వేలాడే దీపాలు చూడు, అచ్చం కోరలే. నా వెంట రా.”

ఆ మేడ చుట్టూ తిరగడమంటే ఓ ఊరు చుట్టి రావడమే. మండుటెండలో బస్సుల షెడ్డు దాటి, చెత్త డబ్బాలు దాటి, చేపల లారీలు ఆగే చోటు దాటి నడిచారు. కొత్త బూట్లు మడమలు కొరికేశాయి. సిబ్బంది గేటు దగ్గర కాపలావాడు సీటో బాబాయిని చూసి, మేనమామ వచ్చినంత సంబరపడ్డాడు. వంటింట్లో ఒకావిడ వేడి పందిమాంసం బన్ను ఆయన చేతిలో పెట్టింది. లాండ్రీలో ఆవిరికి పుయ్‌సాన్ జుట్టు ఉంగరాలన్నీ విడిపోయి, తడిసిన కోడిపిల్లలా తయారైంది. అక్కడ దుప్పట్లు మడతపెట్టించే ఆకిట్ అనే నడివయసు మనిషి ఆమెను జాలిగా చూసి, మొదటిసారా అని అడిగాడు. పుయ్‌సాన్ తల ఊపింది. నోరు తెరిస్తే ఏడుపొచ్చేలా ఉంది.

కొనుగోళ్ళు చూసే మేడమ్ ఫోంగ్ గదికి వాళ్ళు చేరేసరికి, ఆలస్యంగా వచ్చిన దిండ్ల కంపెనీవాణ్ణి ఆవిడ నిలబెట్టి పంపేస్తోంది. ఆ దెబ్బకి పుయ్‌సాన్ బిగుసుకుపోయినా, చెప్పుల గురించి నేర్చుకున్నదంతా తడబడకుండా చెప్పింది. మేడమ్ ఒక జత ఉంచుకుని, వాడి చూస్తానని, రేపు పదింటికి రమ్మని పంపింది. షెన్‌జెన్ నుంచి ఇంకో కంపెనీ కూడా వచ్చిందన్న మాట చెవిన వేయడం మాత్రం మరవలేదు.

బయటికి రాగానే పుయ్‌సాన్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది.

“షెన్‌జెన్ వాళ్ళు ముందు తలుపులోంచి మనుషుల్లా వచ్చుంటారు. మనం వంటింటి పిల్లుల్లా వచ్చాం. ఈ ఆర్డర్ పోతే మీ పులి వల్లే పోతుంది.”

బాబాయి నొచ్చుకున్నట్టు కనబడలేదు. మిగిలిన బన్ను సగం తుంచి ఇచ్చాడు. ఆమె తీసుకోలేదు. అదీ ఆయనే తిన్నాడు.

మర్నాడు ఆమె బాబాయి కోసం ఆగకుండా బస నుంచి ముందే బయల్దేరింది. పగడాల మేడ ముందు ఫొటో తీసుకుంది, తల ఎత్తుకుని తలుపులోంచి నడిచింది. కానీ మేడమ్ ఆఫీసుకి వెళ్ళే లిఫ్ట్ ఎక్కడో అవతలి కొసన ఉంది. మధ్యలో ఉన్నదంతా జూదశాల. కట్టినవాళ్ళు తెలివైనవాళ్ళు.

ఒక బల్ల దగ్గర ఎర్ర స్వెటర్ వేసుకున్న ముసలమ్మ పేకముక్క అంచు పట్టుకుని, మీద గుర్తులు ఎగిరిపోవాలన్నట్టు ఉఫ్ ఉఫ్ అని ఊదుతోంది. పుయ్‌సాన్ ఒక్క క్షణం చూద్దామని ఆగింది. ముసలమ్మ గెలిచింది. వెంటనే ఈ అమ్మాయి చెయ్యి పట్టుకుని, నువ్వు నా అదృష్టదేవతవి, కదలకు అంది. ఇంకోసారి గెలిచింది. నువ్వూ ఓసారి పెట్టి చూడవే అంది. పుయ్‌సాన్ పెట్టింది. గెలిచింది. ఆ అమ్మాయికి అంతకంటే పెద్ద ఆపద ఆ ప్రయాణంలో రాలేదు. ఎవరో పాలు కలిపిన టీ చేతికిచ్చారు, ఎవరో కుర్చీ జరిపారు. పదింటి సంగతి ఆమెకు గుర్తుంది, కానీ పక్కింటివాళ్ళ పని గుర్తున్నట్టుగా గుర్తుంది. ఇంకొక్క ఆట ఆడి లేద్దామనుకుంది. ఆ ఒక్కటీ ఎన్నోసారి అనుకుందో ఆమెకే తెలియదు.

అప్పుడు ముందు తలుపు దగ్గర చిన్న గొడవ అయింది. ఒక పెద్దాయన వెనక్కి వెనక్కి నడుచుకుంటూ లోపలికి వస్తున్నాడు. టోపీవాళ్ళు పట్టుకోబోతే, నేను వెళ్ళిపోతున్నాననుకోండి అని బతిమాలుతున్నాడు. ముందు టోపీవాణ్ణి, తర్వాత పూలకుండీని, ఆ తర్వాత ఒక చైనా పర్యాటక బృందం మొత్తాన్ని వీపుతో గుద్దుకుంటూ వచ్చి, పుయ్‌సాన్ కుర్చీ వెనక తిరిగి నిలబడ్డాడు. సీటో బాబాయి. జూదశాలలోకి దొడ్డిదారి లేదు మరి. ముఖం పాలిపోయి ఉంది. రెండు చేతులూ ఎత్తి, ఆమె రెండు భుజాల మీదా ఫట్‌మని చరిచాడు.

బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు కుర్చీలు వెనక్కి జరుపుకున్నారు. ఆడుతున్న మనిషి భుజం మీద చెయ్యి వేయడమంటే ఆ మనిషి అదృష్టాన్ని నేలకి రాల్చడమే. పసిపిల్లలకు కూడా తెలిసిన సంగతి. ముక్క తిప్పారు. పుయ్‌సాన్ పోగొట్టుకుంది, ముసలమ్మ కూడా పోగొట్టుకుంది.

“నీ ఏడు తరాలకీ అన్నం పుట్టదురా ముసలోడా,” అంది ముసలమ్మ.

“పుట్టకపోతే గంజి తాగుతాం అక్కయ్యా. లేవమ్మాయ్. పది దాటింది.”

పుయ్‌సాన్ నిద్రలోంచి లేపినట్టు లేచింది. గడియారం చూసుకుంది. మేడమ్ ఫోంగ్ గదికి వాళ్ళు పరుగెత్తుకుంటూ చేరేసరికి, ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి ఉంది. ఆ మేడలో ఆవిడ కళ్ళజోడు తీసిందంటే కథ ముగిసినట్టే. క్షమించమని అడగడానికి పుయ్‌సాన్ నోరు తెరిచింది. ఆలోగా బాబాయి ముందుకొచ్చాడు.

“తప్పు నాది మేడమ్. అమ్మాయి పొద్దున్నే వచ్చి లిఫ్ట్ ఎక్కుదామంది. ముందు తలుపు నాకు సరిపడదని నేనే మేడంతా తిప్పాను.”

మేడమ్ ఆయన్ని ఎగాదిగా చూసింది. ఆయన నమ్మకం సంగతి మేడ మొత్తానికీ తెలిసిందే.

“ఈసారి ఎటునుంచి వచ్చావు సీటో?”

“చేపల లారీ దారిలోంచండీ.”

“అందుకా ఈ వాసన,” అంది మేడమ్, లేని వాసనకు ముక్కు మూసుకుని నవ్వుతూ. ఆవిడ నవ్వడం ఆ గదిలో గుమాస్తాలు అదే మొదటిసారి చూడడం. కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుంది. చెప్పులు రాత్రి తన ఇంట్లో తడి గచ్చు మీద వేసుకుని నడిచానని, జారలేదని, ఆర్డర్ వాళ్ళకే ఇస్తున్నానని చెప్పింది. వచ్చేసారి మాత్రం అమ్మాయినొక్కదాన్నే పంపమంది. బాబాయి ఎంతో వినయంగా తల వంచాడు.

తిరుగుదారిలో బాబాయి వంటింట్లో అందరికీ వీడ్కోలు చెబుతుంటే, పుయ్‌సాన్ లాండ్రీలో కూర్చుని మడమలకు పట్టీలు వేసుకుంది. జరిగింది ఆమె చెప్పకుండానే ఆకిట్‌కి అర్థమైంది.

“నేనూ ఒకప్పుడు మీ కంపెనీయే,” అన్నాడతను. “మొదటి ప్రయాణంలో వేరే జూదశాల ముందు తలుపులోంచి మీటింగుకి బయల్దేరాను. ఇంకా చేరలేదు.”

అప్పట్లో బాబాయి తన పిచ్చి తన మట్టుకే ఉంచుకునేవాడట, పక్కవాళ్ళను నీ ఇష్టం అనేవాడట. ఆకిట్ ఇల్లూ వాకిలీ పోగొట్టుకున్నాకే, కొత్తగా చేరిన ప్రతి పిల్లనీ పిల్లాణ్ణీ దొడ్డిదారిన నడిపించడం మొదలుపెట్టాడు. ఆకిట్‌కి ఈ ఉద్యోగం ఇప్పించింది కూడా ఆయనే. ఇక్కడ పనిచేసేవాళ్ళు ఆట బల్లల వైపు అడుగు పెట్టకూడదని రిసార్ట్ వాళ్ళ నియమం. మకావ్ మొత్తం మీద నీకు తలుపు మూసి ఉండే చోటు ఇదొక్కటేరా అని తీసుకొచ్చి ఇక్కడ కూర్చోబెట్టాడట.

అయితే ఆ పులి కథంతా మనకోసం ఆడిన నాటకమేనన్నమాట అనుకుంది పుయ్‌సాన్. ఆమె గుండె నిండిపోయింది. ఎంత మంచి మనిషిని ఎన్ని మాటలన్నాను అని సిగ్గుపడింది కూడా.

పడవ ఎక్కాక తెలిసింది, నాటకం ఏమీ కాదని. సముద్రం పళ్ళెంలో పోసిన నీళ్ళలా కదలకుండా ఉంది. ప్రయాణికులు నిద్రపోతున్నారు. సీటో బాబాయి ఒక్కడే నారింజరంగు లైఫ్ జాకెట్ తొడుక్కుని, తాళ్ళన్నీ బిగించి, కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు. పెదవులు ఏవో మంత్రాలు గొణుగుతున్నాయి. ముందు సీట్లో పిల్లలు వెనక్కి తిరిగి ఆయన్ని చూసి నవ్వుతున్నారు.

“బాబాయ్, ఏమిటిది?”

“వెనక్కి నడిస్తే పులి మోసపోతుందనుకున్నాను. చెప్పలేం. నాకు ఈత రాదమ్మాయ్.”

పుయ్‌సాన్ ఆ బిగించిన తాళ్ళ వైపు చూసింది. మునిగిపోతానని నిజంగానే నమ్మి, అయినా ఆ తలుపులోంచి వచ్చాడు. సీటు కింద చెయ్యి పెట్టి తనూ ఒక జాకెట్ తీసి తొడుక్కుంది.

“నీకెందుకు?” అన్నాడు బాబాయి.

“నేనూ అందులోంచే కదా వచ్చింది.”

ఆ మాటలో న్యాయం ఆయనకు వెంటనే కనబడింది. వంగి, ఆమె జాకెట్ తాళ్ళు ఒక్కొక్కటే లాగి చూసి, వదులుగా ఉన్నదాన్ని గట్టిగా ముడివేశాడు.