చిన్నాన్న మీసం

మా మనవరాలు ఫోనులో పంపిన డాక్యుమెంటరీ చూద్దామని కూర్చున్నాను గానీ, కుదురుగా చూస్తే ఒట్టు. ఊరికే లేవడం, కిటికీ దాకా వెళ్లడం, మళ్లీ వచ్చి కూర్చోవడం. నాటకాల్లో ఆడవేషాలు కట్టి జిల్లా అంతటా పేరు తెచ్చుకున్న మా చిన్నాన్న మీద తీసిందది. వయసు మీదపడి ఆయనే వేషాలు మానుకున్నారని అందులో ఎవరో గంభీరంగా చెప్పారు. వయసట వయసు! పంతొమ్మిది వందల అరవైల చివర్లో, నరసన్నపేట దగ్గర మా ఊళ్లో, ఆయన మానేసేనాటికి తలలో ఒక్క వెంట్రుకైనా నెరవలేదు.

ఆడవేషానికి మీసం పనికిరాదు. మావైపేమో తండ్రి పోతేనే కొడుకు మీసం తీస్తాడు. తాత నిక్షేపంగా ఉండగానే చిన్నాన్న రోజూ పొద్దున్నే అరుగు మీద అద్దం పెట్టుకుని మూతి నున్నగా గీసుకునేవాడు. మొదటిసారి గీసుకున్నప్పుడు శృంగవరపుకోట నుంచి వచ్చిన మా మేనత్త, వీధిలోంచే తమ్ముడి మొహం చూసి, "ఓలమ్మో, అయ్య ఎల్లిపోనాడేటిరా! నాకు కబురైనా సెయ్యనేదేటిరా!" అని గుమ్మంలో కూలబడి శోకాలు మొదలుపెట్టింది. పశువుల సాలలోంచి గడ్డిమోపుతో వచ్చిన తాత, "నాను సావనేదే, లోపలికి రా" అని విసుక్కున్నాడు. అప్పట్నుంచీ నాయనమ్మది ఒకటే పోరు. "ఒరే, మీసం పెంచరా, నలుగురూ ఏటనుకుంతారు" అనేది. చిన్నాన్న నవ్వేసి పౌడరు డబ్బా సర్దుకునేవాడు. ఆయన పద్యం ఎత్తుకుంటే విజయనగరంలో ఆడవాళ్లు కళ్లొత్తుకునేవారు మరి.

ఒకరోజు నాటకాల కంట్రాక్టరు వచ్చాడు. "బావా, ఇప్పుడు ఆడవేసాలకి ఆడోళ్లే వస్తన్నారు. జనం ఆళ్లనే అడుగుతన్నారు. నువ్వేదైనా మగవేసం కట్టు" అన్నాడు. ఆ తర్వాత చిన్నాన్న ఇంట్లో నిలవలేడు, పొలంలో నిలవలేడు. పెరట్లో ఈ చివరి నుంచి ఆ చివరికి ఒకటే తిరుగుడు. నడక మాత్రం ఇంకా రాణీగారిదే. గడ్డం గీసుకుంటున్నాడు గానీ మూతి జోలికి పోవడం మానేశాడు.

మీసం ఒత్తుగా వచ్చింది. తాత తన మీసం కూడా దువ్వుకుని సంబరపడ్డాడు. నాయనమ్మ అన్నం వడ్డిస్తూ కొడుకు మొహంలోకి చూసి గరిటె వదిలేసింది.

"తీసేరా నాయినా. ఎవుడో పరాయోడు కూకున్నట్టున్నాది."

"ఇంకెందుకే అమ్మా" అన్నాడు చిన్నాన్న, కంచంలోంచి తలెత్తకుండా.

కాలం ఆయన్ని చాలా ఏళ్ల తర్వాత తీసుకుపోయింది గానీ, మా చిన్నాన్న మాకు ఆ ఏడే లేకుండా పోయాడు.