బ్యారన్‌లో కట్టేసిన ఆవు

ఆవులకు లంపీ స్కిన్ జబ్బు మళ్లీ తిరగబెట్టిన ఏడు నేను మార్టూరులో గది తీసుకుని ఉన్నాను. పశువైద్యం చదివి ఒక పరిశోధన ప్రాజెక్టులో చేరాను. జబ్బు పడి కోలుకున్న పశువు ఒంట్లో దాన్ని తట్టుకునే శక్తి ఎన్నాళ్లు నిలుస్తుందో తేల్చడం మా పని. ఊళ్లు తిరిగి రక్తం తీసేదాన్ని. గొట్టాలు ఐసు పెట్టెలో పెట్టి ల్యాబుకు పంపి, గదికి వచ్చేదాన్ని. కింద గ్రానైటు పాలిష్ మిషన్ల హోరు. ఆదివారం అవి ఆగితే, పొద్దున్నుంచి నేను నోరు విప్పలేదన్న సంగతి గుర్తొచ్చేది.

వానలు తగ్గాక ఒక మహిళా రైతు నుంచి ఫోను వచ్చింది. భర్త పోయాక మిరప, పత్తి తానే చూసుకుంటున్న మనిషి ఆవిడ.

"డాక్టరుగారూ, మా ఆవుకి ఒళ్లంతా గడ్డలు లేచినయ్యండి. మేత ముట్టట్లేదు."

వెళ్లి చూశాను. తెల్లటి ఒంగోలు ఆవు. మెడ మీద, పొదుగు మీద గడ్డలు. కాళ్లు వాచిపోయాయి. ఈగలు, దోమల ద్వారా పక్క పశువులకు పాకుతుందని, విడిగా కట్టేయమని చెప్పాను. పొలం గట్టున వాడకం లేని బ్యారన్, అంటే పొగాకు కాల్చే గది ఉంది. అందులోకి తోలాం. దూడను ఇంటి దగ్గరే ఉంచాం.

"దీనికి మందు లేదా అండీ?"

"వైరస్‌ని చంపే మందు లేదండి. జ్వరానికి, పుళ్లకు ఇస్తాను. మిగతాది దాని ఒంట్లో ఉన్న బలమే."

జబ్బు పశువును ముట్టుకున్నాను కాబట్టి కొన్నాళ్లు వేరే దొడ్ల గడప తొక్కొద్దని మా పైఅధికారి అన్నారు. నా ఊళ్లు ఇంకొకరికి అప్పగించారు. ఊళ్లో వాళ్లు కూడా నన్ను చూసి గేటు వేసుకునేవారు. వాళ్ల భయం సరైనదే. అయినా మనసు చివుక్కుమనేది.

దాంతో రోజూ బ్యారన్‌కే వెళ్లేదాన్ని. వేపాకు పొగ వేసి, పుళ్లు కడిగి, జావ తాగించేదాన్ని. ఆవు రెండు గుక్కలు తాగి తల తిప్పేసేది. ఊరి వైపు మొహం పెట్టి అరిచేది. ఇంటి దగ్గర దూడ అందుకునేది. ఆ అరుపుల మధ్య ఏం చెయ్యాలో తోచక దాని గంగడోలు నిమురుతూ కూచునేదాన్ని. ఏవేవో చెప్పేదాన్ని దానికి. మా అమ్మ పోయినప్పటి సంగతి కూడా చెప్పాను. అంతకుముందు ఎవరికీ చెప్పలేదు.

ఒక సాయంత్రం ఆవిడ గుమ్మంలో నిలబడి వింటోందని ఆలస్యంగా గమనించాను. సిగ్గేసింది. ఆవిడ లోపలికి వచ్చింది. పచ్చి జొన్న చొప్ప కట్ట దించి, నా పక్కన బస్తా మీద కూచుంది.

"మా ఆయన పోయినప్పుడు నేనూ దీనితోనే చెప్పుకున్నానమ్మా," అంది.

ఆ రోజు నుంచి 'డాక్టరుగారు' పోయి 'అమ్మాయ్' అయ్యాను.

ఆవు బతికింది. పాలు ఎండిపోయాయి, పుళ్లు మానిన చోట మచ్చలు మిగిలాయి. నేను మళ్లీ నా ఊళ్లకు వెళ్లాను. కోలుకున్నాక దాని రక్తం తీయడానికి వెళ్తే సూది చూసి బెదిరి వెనక్కి జరిగింది. ఆవిడ తాడు పట్టుకుని బుజ్జగించాల్సి వచ్చింది.

మిరప కోతల కాలానికి నన్ను గుంటూరు ల్యాబుకు మార్చారు. ఒకరోజు ఆ ఆవు నమూనా పరీక్ష నేనే చేశాను. పరీక్ష ప్లేటులో దాని రక్తం వేసిన గుంటలో రంగు చిక్కబడింది. జబ్బును ఎదిరించే శక్తి బాగా ఉందని అర్థం. చుట్టూ చూశాను. అందరూ ఎవరి పనిలో వాళ్లున్నారు.

ఆవిడకు ఫోను చేశాను. చేలో కూలీల గోల.

"మన ఆవుకి రక్తంలో బలం బాగా ఉందండి."

"ఏందీ? ఇనపట్లేదమ్మాయ్! ఆవు బానే తింటంది. నువ్వు తిన్నావా?"

ఇంకా తినలేదని గట్టిగా అరిచి చెప్పాను. ల్యాబులో ఇద్దరు తలెత్తి చూశారు.